మీటరులో మూడు గీతలుండగా బండి ఎందుకు ఆగింది?

ఈరోజు మధ్యాహ్నం తిరుపతిలో గరుడ వారధి (శ్రీనివాస సేతు) ఫ్లైఓవరు ఎక్కుడులో నా ఎలక్ట్రిక్ స్కూటరు ఆగిపోయింది. అలిపిరి వైపు డాక్టరుకు మోకాలు చూపించుకున్న మా నాయనను వెనుక కూర్చోబెట్టుకుని తిరుచానూరుకు వస్తున్నాను. యాక్సిలరేటరు తిప్పగానే మీటరులో ఛార్జింగు చూపే మూడు గీతలు ఒక్కటై బండి నిలిచిపోయింది, చెయ్యి వదలగానే మళ్ళీ మూడు గీతలూ వచ్చాయి. "నువ్వు తోసుకుంటా రారా, నేను మెల్లగా నడుస్తా" అంటూ ఆయన ఆ ఎండలో పిట్టగోడ పట్టుకుని కుంటుతూ నడవడం చూసినప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

దుకాణానికి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు, "డబుల్స్ పోయారా సార్? డబుల్స్ పోతే అట్లనే ఉంటుంది" అని. అమ్మేనాడు ఆ సీటు మీద చెయ్యి వేసి, ఇద్దరూ హాయిగా పోవచ్చు, ఒక్క ఛార్జింగుకు 70 కిలోమీటర్లు వస్తుందని చెప్పింది కూడా ఆ మనిషే.

ఆ 70 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. నా బండిలో ఉన్నవి 48 వోల్టుల, 24 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. రెండూ గుణిస్తే 1152 వాట్ అవర్లు, అంటే బ్యాటరీల్లో పట్టే మొత్తం శక్తి. ఇద్దరితో ఊళ్ళో తిరిగితే కిలోమీటరుకు పాతిక వాట్ అవర్లు వేసుకున్నా 46 కిలోమీటర్లు మించవు, లెడ్ యాసిడ్‌ను అడుగంటా వాడితే తొందరగా పాడవుతుంది కనుక నమ్ముకోదగినవి అందులో ఎనభై శాతం, 37 మాత్రమే. ఈ చిన్న గుణకారం కొనేవారి ముందు చేసి చూపించే దుకాణాన్ని తిరుపతిలో నేను ఒక్కదాన్ని కూడా చూడలేదు.

మోటారు సంగతి మరీ అన్యాయం. 250 వాట్లలోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లలోపు వేగం ఉన్న బండికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదన్న నిబంధనను చూపించి వీటిని ముసలివారికీ పిల్లలకూ అంటగడుతున్నారు. బండి, ఇద్దరు మనుషులు కలిసి 220 కిలోలు అనుకోండి. నూరు మీటర్లకు నాలుగు మీటర్లు లేచే ఎక్కుడును గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, కేవలం ఆ బరువును పైకి లాగడానికే దాదాపు 360 వాట్లు కావాలి. చక్రంలోనే బిగించిన హబ్ మోటారు వేగం తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, అరిగిన బ్యాటరీల వోల్టేజీ ఆ లాగుడుకు 42 దగ్గరకు పడిపోతుంది, మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ సరఫరా ఆపేస్తుంది. మూడు గీతలు ఒక్కటి కావడానికి కారణం ఇదే. ఇందులో మా నాయన బరువు చేసిన తప్పేమిటి?

మూడేళ్ళ క్రితం అమ్మకు కొన్న బండి విషయంలోనూ ఇలాగే మోసపోయాము. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీల వేడికి లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది, మే నెలలో మన ఊరి ఎండ అందరికీ తెలిసిందే. ఏడాదికే బ్యాటరీలు చచ్చిపోతే, వారంటీ కార్డులో సీరియల్ నంబరు లేదని తిప్పి పంపారు. ఆ గడిని ఖాళీగా వదిలిపెట్టింది వాళ్ళే, ఆ కార్డు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. పక్కనే కరకంబాడిలో బ్యాటరీలు తయారయ్యే ఊరిలో, బ్యాటరీ గురించి ఒక్క నిజం చెప్పించుకోవడానికి మనం ఇంత బతిమాలాలా?

మా బావ ఆదివారం బండి కొనబోతున్నాడు. ఆయన రోజూ చంద్రగిరి నుంచి బాలాజీ కాలనీకి వచ్చి పోవాలి. కిలోమీటర్ల మాట వినవద్దని, వాట్ అవర్లు ఎన్నో, మోటారు ఆగకుండా ఇచ్చే శక్తి ఎంతో రాసివ్వమని అడగాలని చెప్పాను. ఇరవై వేలు ఎక్కువైనా లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీయే తీసుకోమన్నాను. అది వేడిని బాగా తట్టుకుంటుంది, బరువు సగం కంటే తక్కువ, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. 2022లో వరుసగా బండ్లు తగలబడిన తరువాత కఠినం చేసిన ఏఐఎస్-156 భద్రతా పరీక్ష ఆ బ్యాటరీకి జరిగిందో లేదో కూడా అడగమన్నాను. డబ్బు కట్టే ముందు అక్కను వెనుక కూర్చోబెట్టుకుని ఆ సేతు ఒకసారి ఎక్కి చూపించమని, అందుకు ఒప్పుకోని దుకాణం గడప దిగి వచ్చేయమని చెప్పాను.