సవరణ: కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోంచి పోయినంత మాత్రాన ముప్పు తీరినట్టు కాదు

కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు (బొగ్గు, గ్యాస్ లాంటివి సరిగా కాలనప్పుడు వచ్చేది) పీల్చినవారి గురించి మొన్నటి పోస్టులో "ఆక్సిజన్ పెట్టాక కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోంచి పోతుంది, ఇక భయం లేదు" అని రాశాను. మొదటి సగం నిజం, రెండోది తప్పు. అది చదివి ఎవరైనా తర్వాతి చెకప్ మానేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

మామూలు గాలిలో ఆ వాయువు రక్తంలో సగానికి తగ్గడానికి 4–5 గంటలు పడుతుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. మెదడుకు తగిలిన దెబ్బ మాత్రం ఆ లెక్కన పోదు. పూర్తిగా కోలుకున్నట్టు కనిపించిన మనిషిలోనే కొన్ని రోజుల నుంచి సుమారు 40 రోజుల లోపు కొత్త లక్షణాలు మొదలవచ్చు: చొక్కా గుండీ పెట్టుకోబోయి వేళ్లు తడబడటం, పాదాలు ఈడుస్తూ చిన్న చిన్న అడుగులు, అడిగిందే మళ్లీ అడగడం, మూత్రం ఆపుకోలేకపోవడం. మెదడులో నరాల తంతువులను చుట్టి ఉండే మైలిన్ పొర దెబ్బతినడం ఇందుకు ఒక కారణం. వయసు మీద పడిందిలే అని వదిలేయకండి. న్యూరాలజిస్టుకు ఆ విషవాయువు సంగతి తప్పకుండా చెప్పండి.

ఈ వాయువు పీల్చినవాళ్లందరికీ కాళ్ల తిమ్మిర్లు వస్తాయన్నదీ పొరపాటే. కాళ్లూ చేతుల నరాలు దెబ్బతినడం అరుదు. వచ్చినా చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది.

ఇంకొకటి, వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ ఉన్నదాని కిందే లెక్కేస్తుంది.