లాభం గట్టు మీద, నష్టం నీటిలో

పెరిగే నగరం అంచున చెరువు ఉంటే చుట్టూ ఉన్న ప్లాట్ల లెక్కే వేరు. బ్రోచర్‌లో ‘లేక్ వ్యూ’ అన్న రెండు ముక్కలు పడితే చాలు, రేటు లేచి కూర్చుంటుంది. ఆ రేటు పెంచింది బిల్డరూ కాదు, కొన్నవాళ్లూ కాదు. ఇన్నేళ్లూ ఆ నీటిని పూడ్చకుండా, ఎగువన ఉన్న పొలాన్నీ బీడునూ అమ్మకుండా ఉంచినవాళ్లు. పెరిగిన సొమ్ములో వాళ్ల వాటా మాత్రం సున్నా. ఈ లెక్క సరిచేయనిదే నగరాల్లో చెట్టూ పిట్టా నిలవవన్నది మా అభిప్రాయం.

పచ్చదనం భూమి ధర పెంచుతుందన్నది కొత్త సంగతేమీ కాదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపశిల్పుల్లో ఒకరైన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ 19వ శతాబ్దంలోనే చుట్టుపక్కల వార్డుల ఆస్తిపన్ను లెక్కలు తీశారు. పార్కు ఖర్చు ఆ రాబడితోనే తీరుతుందని వాదించారు. అదే నగరంలో 2009లో పాత రైలు వంతెన మీద హైలైన్ తోట తెరిచాక దాని పక్కన ఫ్లాట్ల ధరలు ఎగబాకాయి.

అలాగని ధర పెరిగితే ప్రకృతి దానంతటదే బతుకుతుందనుకుంటే పొరపాటు. సుందరీకరణ పేరుతో చెరువు గట్టున ఏం చేస్తారో చూడండి. ముందు జమ్ము పీకేస్తారు. తర్వాత రాతి కట్ట, వాకింగ్ ట్రాక్, రంగు దీపాలు. ఆ జమ్ము కాడలకే బుడుబుంగ తన గూడును తగిలించుకుంటుంది. నీళ్ల మీద తేలే గూడు అది. పక్కకు వెళ్లాల్సి వస్తే గుడ్ల మీద తడి ఆకులు కప్పి మరీ వెళ్తుంది. జమ్ము పోయిన రోజే ఆ గూడూ పోతుంది. ప్లాటు ధర మాత్రం రూపాయి తగ్గదు. దోమల భయం పోయిందని ఇంకాస్త పెరిగినా ఆశ్చర్యం లేదు. మార్కెట్ కొనేది కిటికీలోంచి కనిపించే నీళ్లను. ఆ నీళ్లలో ఏది బతుకుతోందన్నది దానికి పట్టదు.

పట్టించుకుంటే ఏమవుతుందో సింగపూర్ చూపించింది. అక్కడ బిషాన్-ఆంగ్ మో కియో పార్కు అంచున తిన్నగా పారే కాంక్రీటు కాలువను 2012 నాటికి సుమారు 3 కిలోమీటర్ల వంకర టింకర నదిగా మార్చారు. వాన ముంచెత్తితే నీళ్లు పార్కులోకి పరుచుకుంటాయి. ఇప్పుడక్కడ నీటికుక్కలు ఈదుతున్నాయి. భూమికి అంత కటకట ఉన్న దేశం చేసిన పని ఇది!

ప్రకృతి చేసే అసలు చాకిరీ రిజిస్ట్రేషన్ విలువలో ఎక్కడా కనిపించదు. కోల్‌కతా తూర్పున 12,500 హెక్టార్ల చిత్తడి నేలలున్నాయి. నగరం మురుగు అక్కడి చేపల చెరువుల్లోకి చేరుతుంది. ఎండా నాచూ కలిసి దాన్ని శుభ్రం చేస్తాయి. అదే పని యంత్రాలతో చేయించాలంటే ఎంతవుతుందో ఇంజనీర్లకు తెలుసు. ముంబైలో చిరుతలు తిరిగే సంజయ్ గాంధీ జాతీయ పార్కులోనే నగరానికి నీళ్లిచ్చే విహార్, తులసీ జలాశయాలున్నాయి.

భారం మోసేవాళ్ల సంగతికి వస్తే కెన్యా రాజధాని నైరోబీని చూడాలి. 1946లో ఏర్పడిన అక్కడి జాతీయ పార్కు నగరాన్ని ఆనుకునే ఉంది. విస్తీర్ణం 117 చదరపు కిలోమీటర్లు. దక్షిణం వైపు కంచె లేదు. వానాకాలంలో వైల్డ్‌బీస్ట్‌లు, జీబ్రాలు అటుగా పశువులు మేపుకునే మాసాయి తెగవాళ్ల మేతభూముల్లోకి వెళ్తాయి. ఆ దారి మూసుకుపోకుండా 2000లో ఒక పథకం మొదలైంది. కంచె వేయకుండా, ముక్కలుగా అమ్మకుండా ఉంచితే ఎకరాకు ఏడాదికి 4 డాలర్లు. ఆలోచన మంచిదే. కానీ నగరం పెరిగేకొద్దీ భూమి ధర ఎక్కడికో వెళ్లింది, దాని ముందు 4 డాలర్లు ఏ మూలకు? ఆ మేతభూముల్లో కంచెలూ వచ్చాయి, ఇళ్లూ వచ్చాయి. అమ్ముకున్న కుటుంబాన్ని తప్పుపట్టే హక్కు నగరవాసులకు లేదు.

అందుకే చెరువు వల్ల, అడవి వల్ల పెరిగిన విలువలో కొంత భాగాన్ని నగరపాలక సంస్థలు వసూలు చేయాలి. ఏటా పన్ను రూపంలో వద్దు. ఎప్పటినుంచో అక్కడే ఉంటూ అమ్ముకునే ఆలోచనే లేని చిన్న ఇంటివాళ్లు దానికి నలిగిపోతారు. భవన అనుమతి ఇచ్చేటప్పుడో, అమ్మకం జరిగినప్పుడో తీసుకోవాలి. ఆ డబ్బు సాధారణ ఖజానాలో కలిసిందా, ఇక ఏ ఫ్లైఓవర్‌కు పోయిందో ఎవరికీ తెలియదు. విడిగా ఖాతా పెట్టి, భూమిని ఖాళీగా ఉంచుతున్నవారికి నేరుగా ఇవ్వాలి. ధర పెరిగినప్పుడల్లా ఆ మొత్తమూ పెరగాలి.

ఇళ్లు కావాలి, కాదనం. రోడ్లూ నీళ్లూ ఇప్పటికే ఉన్నచోట అంతస్తులు పెంచుకోవచ్చు. చట్టం మార్చి, ఖాతా తెరిచి, డబ్బు పంచేసరికి ఏళ్లు పడతాయి. ఈలోపు జమ్ము పీకే టెండర్లయినా ఆపండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు.