ఎనిమిదేళ్ల పెళ్లికూతురిగా ఇరవై నాలుగేళ్ల నటి ఎందుకు?

చారిత్రక సీరియల్ వస్తోందంటే చాలు, చర్చంతా ఒకే దారిన నడుస్తుంది. కోట సెట్టు ఎలా ఉంది, నగలు ఆ కాలానివేనా, ఫలానా రాజుని తక్కువ చేశారా, ఫలానా కులాన్ని ఎక్కువ చేశారా. టీవీ డిబేట్లలో గొంతు చించుకునేదీ వీటి గురించే. పాత్ర వయసెంత, వేసే మనిషి వయసెంత అని ఎవరూ అడగరు. నా దృష్టిలో ముందు అడగాల్సింది అదే. కిరీటం డిజైన్ తప్పయితే పండితులు నొచ్చుకుంటారు, అంతే. వయసు తప్పయితే జరిగిన సంగతే ఇంకోటైపోతుంది.

చెన్నైలో ఉండే తెలుగువాడికి ఇది ఇంకాస్త బాగా అర్థమవుతుంది. మన చరిత్రలో సగం ఇక్కడి రోడ్ల మీదే నడిచింది. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా ఊరంతా హర్తాళ్ చేసిన రోజు, ప్యారిస్ కార్నర్ దగ్గర టంగుటూరి ప్రకాశం తుపాకుల ముందు చొక్కా విప్పి నిలబడ్డారు. చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. కానీ అప్పటికి ఆయనకి 55 ఏళ్లు. బంగారం లాంటి బారిస్టర్ ప్రాక్టీసు వదిలేసి, పత్రిక పెట్టి, సంపాదించిందంతా దానికి ధారపోసిన మనిషి. ఆ వయసు ఛాతీ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. కాస్త జారి, నెరిసిన వెంట్రుకలతో ఉంటుంది. ఆ ఛాతీ చూపించి కాల్చమన్నాడు కాబట్టే అది అంత పెద్ద సంఘటన అయింది. అదే సీన్‌లో జిమ్ బాడీ ఉన్న ముప్పై ఏళ్ల కుర్రాడు చొక్కా విప్పితే అది హీరో ఎంట్రీ అవుతుంది. వెనక డప్పులు మోగుతాయి. ప్రకాశం పంతులు మాయమైపోతారు.

పొట్టి శ్రీరాములు విషయంలో పొరపాటు రెండో వైపు జరుగుతుంది. ఆయన్ని అందరూ ముసలాయనగానే ఊహించుకుంటారు. ఈ ఊళ్లోనే 1901లో పుట్టారు. ఈ ఊళ్లోనే, మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో, 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి 58 రోజులు తిండి లేకుండా ఉండి పోయారు. అప్పటికి వయసు 51. ఈ రోజు మన ఆఫీసుల్లో ఆ వయసువాళ్లు ప్రమోషన్ కోసం చూస్తున్నారు, పిల్లల ఇంజినీరింగ్ సీటు గురించి టెన్షన్ పడుతున్నారు. ఆయన కూడా చదువుకున్నవాడే, రైల్వేలో ఉద్యోగం చేసినవాడే. ఇంకో ఇరవై ఏళ్లు బతకగలిగిన మనిషి. ఆ పాత్రకి డెబ్బై ఐదేళ్ల నటుణ్ణి పెట్టి చూడండి, చూసేవాళ్లు 'పాపం పెద్దాయన' అనుకుని ఊరుకుంటారు. ఢిల్లీ ఆ 58 రోజులూ ఏం చేసిందన్న కోపం ఎవరికీ రాదు.

సెయింట్ జార్జి కోట గోడ దగ్గరికి వెళ్లినా ఇదే లెక్క. రాబర్ట్ క్లైవ్ 18 ఏళ్ల గుమాస్తాగా మద్రాసులో దిగాడు. ఆర్కాటు ముట్టడి నాటికి 26. ప్లాసీ నాటికి 31. ఎదురుగా ఉన్న బెంగాల్ నవాబు సిరాజుద్దౌలాకి ఇరవై నాలుగు, అటూఇటూగా. మన తెర మీద క్లైవ్ అంటే మాత్రం బుగ్గ మీసాల నడివయసు తెల్లదొర. ఇద్దరు కుర్రాళ్ల దూకుడు ఒక దేశం రాత మార్చిందన్న సంగతి ఆ బుగ్గ మీసాల వెనకే ఉండిపోతుంది.

ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇది పొరపాటు స్థాయి దాటిపోతుంది.

రుద్రమదేవిని తీసుకోండి. కాకతీయ సింహాసనం మీద 1262 నుంచి 1289 దాకా ఉంది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ఆవిడ పోయిన ఏడు పట్టి ఇచ్చింది. ఆవిడ తరవాత గద్దెక్కింది కొడుకు కాదు, మనవడు ప్రతాపరుద్రుడు. అంటే తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడి మీదకి సైన్యాన్ని నడిపి, ఆ పోరులోనే పోయిందని చరిత్రకారులు చెబుతున్న రుద్రమ ఒక అమ్మమ్మ. మోకాళ్లు పట్టేసే వయసులో గుర్రం ఎక్కిన మనిషి. మన సినిమావాళ్లకి గానీ టీవీవాళ్లకి గానీ ఈ రుద్రమ అక్కర్లేదు. వాళ్లకి కావలసింది మగవేషంలో పెరిగిన అందమైన యువరాణి. కథ పట్టాభిషేకంతో, మహా అయితే దేవగిరి యాదవుల మీద గెలుపుతో ఆగిపోతుంది. చివరి ఇరవై ఏళ్లు ఎవరూ ముట్టుకోరు. ఒకవేళ ముట్టుకున్నా అదే హీరోయిన్‌కి చెంపల దగ్గర తెల్ల పౌడర్ అద్ది, కళ్లజోడు లేని అమ్మమ్మని చేస్తారు. ముఖం వరకూ మేకప్‌మ్యాన్ ఏదో తంటాలు పడతాడు. కత్తి పట్టుకున్న చెయ్యి క్లోజప్‌లో కనపడగానే అయిపోయింది. నరాలు తేలని, మచ్చ లేని, గోళ్లకి మొన్నటి రంగు మరక ఇంకా మిగిలిన ఇరవై ఆరేళ్ల చెయ్యి అది. ఇరవై ఏడేళ్లు రాజ్యం ఏలిన చెయ్యి అలా ఉండదు.

అయినా ముసలి రాణిని పడుచుగా చూపిస్తే పోయేది ఆవిడ గౌరవం ఒక్కటే అనుకుందాం. చిన్నపిల్లని పడుచుగా చూపిస్తే జరిగేది నేరాన్ని దాచిపెట్టడం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఓసారి సాలిగ్రామంలో ఒక డబ్బింగ్ థియేటర్లో కూర్చున్నాను. హిందీ నుంచి తెలుగులోకి వస్తున్న ఓ చారిత్రక సీరియల్. తెర మీద పెళ్లి కుదిరిన సీన్. స్క్రిప్టు పేపర్లో పాత్ర వయసు ఎనిమిది. తెర మీద అమ్మాయికి ఇరవై దాటి చాలా కాలమైంది. రెండు జడలు, పరికిణీ, కళ్లకి నిండా కాటుక. మైకు ముందు యాభై దాటిన ఒకావిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గొంతు సన్నం చేసి, 'పెళ్లంటే నాకు బోలెడు బొమ్మలు కొనిపెడతారా?' అని చెప్పింది. అద్భుతంగా చెప్పింది. లోపల్నుంచి డైరెక్టర్ 'ఇంకొంచెం ముద్దుగా అమ్మా' అన్నాడు. మళ్లీ చెప్పింది. తెర మీద ఆ అమ్మాయి ఓరకంటితో పెళ్లికొడుకు వైపు చూసి సిగ్గుపడింది. గొంతు ఎనిమిదేళ్లది, చూపు ఇరవై మూడేళ్లది. ఆ సీన్ చూసిన ఏ ఇంట్లోనూ ఎవరికీ కడుపులో తిప్పినట్టు అనిపించదు. జంట బాగుందనుకుంటారు. బాల్యవివాహం అనే ఘోరం ప్రేమకథ కిందకి మారడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ పిల్లల వయసులు ఎవరో ఊహించి చెప్పినవి కావు. గురజాడ అప్పారావు 1897లో 'కన్యాశుల్కం' మొదటి కూర్పు ముందుమాటలో లెక్కలతో సహా రాసిపెట్టారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్లు, 1,034. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44. మూడేళ్లవాళ్లు 36. రెండేళ్లవాళ్లు 6. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు ఇంకోసారి చదవండి. చదివాక, ఆ కాలం కథలో పెళ్లికూతురి పాత్రకి మోడలింగ్ నుంచి వచ్చిన అమ్మాయిని తీసుకున్నారని వింటే మీకేమనిపిస్తుందో చూసుకోండి. పీటల మీద కూర్చుంటే పాదాలు పరికిణీ అంచు దాటని పిల్ల, పూలదండ బరువుకి మెడ వాలిపోతున్న పిల్ల, హోమం పొగకి కళ్లు నులుముకుని తల్లి ఒడి కోసం వెతికే పిల్ల తెర మీద కనపడాలి. బాల్యవివాహాల్ని ఆపడానికి తెచ్చిన శారదా చట్టం ఎందుకు వచ్చిందో ఇంక ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. 1930 ఏప్రిల్ 1న అది అమల్లోకి రాకముందే పిల్లల పెళ్లిళ్లు హడావిడిగా ఎందుకు కానిచ్చేశారో, ఆ హడావిడి ఎంత దారుణమో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇంత చెబితే ఎదుటివాళ్లు చెప్పేది నాకు తెలుసు. నటన అంటేనే తను కానిదాన్ని చూపించడం అంటారు. గుమ్మడిని ఉదాహరణగా తెస్తారు. నిజమే, 1962లో 'మహామంత్రి తిమ్మరుసు'లో అప్పాజీగా వేసే నాటికి ఆయనకి 35. రాయలుగా వేసిన ఎన్టీఆర్ కంటే నాలుగేళ్లు చిన్న. అయినా తండ్రిలాగే కనిపించారు. టీవీలో ముకేశ్ ఖన్నా ముప్పై ఏళ్లకే భీష్ముడయ్యారు. ఒప్పుకుంటాను. కానీ గుమ్మడి లాంటివాళ్లు తరానికి ఒకరిద్దరు. పైగా మూడు గంటల సినిమా వేరు, రోజూ రాత్రి ముఖాన్ని తెర నిండా చూపించే అయిదువందల ఎపిసోడ్ల సీరియల్ వేరు. అదే ఎన్టీఆర్ 1977లో 'దానవీరశూరకర్ణ' తీసినప్పుడు అభిమన్యుడికి ఎవర్ని పెట్టారో గుర్తుచేసుకోండి. పదహారేళ్ల కొడుకు బాలకృష్ణని. ఎక్కడ మేకప్ సరిపోతుందో, ఎక్కడ పసితనమే కావాలో ఆ తరానికి తెలుసు.

టీవీవాళ్లకీ తెలియక కాదు. 2006లో పృథ్వీరాజ్ చౌహాన్ సీరియల్‌కి రజత్ టోకస్‌ని తీసుకున్నప్పుడు అతనికి పదిహేను కూడా నిండలేదు. 2009లో ఝాన్సీ రాణి చిన్నతనం పాత్రలో ఉల్కా గుప్తాకి పన్నెండు. ఆ పిల్ల కత్తి పట్టుకుంటే ఇంటిల్లిపాదీ కళ్లప్పగించి చూశారు. ఆ అమ్మాయినే తరవాత మన తెలుగువాళ్లు తీసుకొచ్చి చిన్న రుద్రమని చేశారు. సరైన వయసు మనిషి దొరికితే జనం చూస్తారన్నది పదేపదే రుజువైన సంగతి. మరి అడ్డమేంటంటే, ప్రొడక్షన్ మేనేజర్లు రూల్స్ చూపిస్తారు. బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం పిల్లలతో రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు. ఏకబిగిన 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులు మించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. రోజుకి పదమూడు గంటలు షూటింగ్ చేసే డైలీ సీరియల్‌కి ఇది గుదిబండేనట. ఆ రూల్స్ చాలా మంచివి, ఇంకా గట్టిగా అమలు కావాలి. వాటికి తగ్గట్టు షెడ్యూల్ వేసుకోవడం చేతకాక పెద్దమ్మాయికి రెండు జడలు వేస్తున్నారు. పదిహేను ఎపిసోడ్లకే 'లీప్' పెట్టి ఇరవై ఏళ్లు దాటించేస్తున్నారు. పిల్లతో చెయ్యించలేని సీన్ ఏదైనా కథలో ఉందంటే, ఆ సీన్ రాసినవాడు ఒక్క నిమిషం ఆగి, అది ఎనిమిదేళ్ల పిల్లకి జరుగుతోందని గుర్తుచేసుకోవాలి. పెద్ద నటిని పెట్టేస్తే ఆ గుర్తు రాదు.

దీన్ని నేను టీవీ గోలగా వదిలెయ్యలేకపోవడానికి ఇంకో లెక్క ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21 నాటిది. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. తెలంగాణలో 23.5. నేనుంటున్న తమిళనాడులో 12.8. సరిహద్దు దాటితే సగానికి తక్కువ. తడ దాటి అరగంట ప్రయాణం చేస్తే ఇంత తేడా ఎందుకుండాలి? సీరియళ్ల వల్లే అని నేననను. పేదరికం, హైస్కూలు దూరం, కట్నం, పరువు, అన్నీ ఉన్నాయి. కానీ సాయంత్రం ఆరు నుంచి పదింటి దాకా ఆ ఇళ్లలో మోగేది టీవీయే. పదహారేళ్ల కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక తల్లి చూసే కథలో, పిల్ల పెళ్లి ముద్దుగా, వేడుకగా, నిండు యవ్వనంలో ఉన్న ముఖంతో కనపడుతోంది. 'మా అమ్మమ్మకి తొమ్మిదేళ్లకే చేశారు, సుఖంగా లేదా' అనే మాటకి ఆ బొమ్మ వత్తాసు పలుకుతోంది. నిజంగా తొమ్మిదేళ్ల ముఖం ఎలా ఉంటుందో ఆ తెర ఒక్కసారి చూపిస్తే ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది.

అడయారు వంతెన వైపు వెళ్తుంటే దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ రోడ్డు వస్తుంది, ఆవిడ 1937లో పెట్టిన ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రీ ఉంది. ఆవిడ జీవితం ఎవరైనా సీరియల్‌గా తీస్తారని ఎప్పటినుంచో నా ఆశ. ఎనిమిదేళ్లకి పెళ్లి చేశారు. 1921లో గాంధీ కాకినాడ వస్తే, దేవదాసీలతోనూ ముస్లిం స్త్రీలతోనూ ఆయన మాట్లాడాలని పట్టుబట్టి, విరాళాలు పోగేసి సభ పెట్టించింది. అప్పటికి పన్నెండు నిండలేదు. 1923 కాకినాడ కాంగ్రెసులో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూని ఆపేసింది. అప్పటికి పద్నాలుగు. ఇరవై ఎనిమిదేళ్ల నటి ఆపితే అది డ్యూటీ చెయ్యడం. లంగా ఓణీ వేసుకున్న పద్నాలుగేళ్ల పిల్ల ఆపితేనే ఆ కథకి ప్రాణం. పదిహేనేళ్లకి, తనకి ఊహ తెలియని వయసులో జరిగిన ఆ పెళ్లి తనకి వద్దని భర్తకే చెప్పి బయటికొచ్చింది. ఆ తరవాత జైళ్లు, చదువు, లా, రాజ్యాంగ సభ. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌ని పెళ్లి చేసుకునేనాటికి ఆవిడకి 43, ఆయనకి 57. సాక్షి సంతకం పెట్టినవాళ్లలో నెహ్రూ ఒకరు.

ఒక మనిషి జీవితంలో ఎనిమిదేళ్లకి ఒక పెళ్లి, 43 ఏళ్లకి ఒక పెళ్లి. మన టీవీ పద్ధతిలో అయితే రెండింటికీ అదే ఇరవై నాలుగేళ్ల నటి పీటల మీద కూర్చుంటుంది, ఒకసారి రెండు జడలతో, ఒకసారి ముడితో. మొదటి పెళ్లిలో అన్యాయమూ కనపడదు, రెండో పెళ్లిలో ధైర్యమూ కనపడదు. తియ్యదలుచుకున్నవాళ్లు నలుగురు నటుల్ని వెతకండి. ఎనిమిదేళ్ల పాపని రోజుకి అయిదు గంటలే పిలవండి, చదువు చెప్పే టీచర్ని సెట్లో పెట్టండి, పీటల సీన్ అయ్యాక ఇంటికి పంపెయ్యండి. 43 ఏళ్ల పెళ్లికూతురు హైదరాబాద్‌లో దొరక్కపోతే ఇటు రండి. నలభై దాటాక అత్త వేషం తప్ప ఇంకేదీ ఇవ్వమన్నారని మానేసిన నటీమణులు వడపళనిలో, విరుగంబాక్కంలో ఉన్నారు. మైకు ముందు ఎనిమిదేళ్ల పిల్లలకి గొంతులిస్తూ కూర్చున్నారు.