మిద్దె మీద చందువ

ఎండాకాలం వంటింట్లో నిలబడలేం కాబట్టి వంటను మిద్దె మీదికి మార్చాలన్నది మా బావ సిద్ధాంతం. రోహిణి కార్తెలో, నెల్లూరు వేదాయపాళెంలో, పొద్దంతా కాగిన మిద్దె మీద నిప్పుల ముందు నిలబడితే హాయిగా ఉంటుందని ఆయనకు ఫోన్లో ఒక వీడియో చెప్పింది. ఆ వీడియోలో వంట చేసే అతని వెనక మంచు కొండలున్నాయి. ఆ సంగతి గుర్తుచేస్తే నన్ను బొగ్గులు తెమ్మని పంపించారు. బావమరిదికి ఉండే అధికారాలు ఆ మాత్రమే.

దాంతో ఆగినా బాగుండేది. ఆఫీసుకు కొత్తగా బదిలీ మీద వచ్చిన పై అధికారిని కుటుంబంతో సహా భోజనానికి పిలిచేశారు.

గ్రిల్ అట్టపెట్టెలో విడి భాగాలుగా దిగింది. కాళ్ళు నాలుగు, మరలు మాత్రం మూడు కాళ్ళకే. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే తెలుగుకు ఒకటి నొక్కమన్నారు, ఫిర్యాదుకు మూడు నొక్కమన్నారు, తర్వాత చాలాసేపు సన్నాయి వినిపించి పెట్టేశారు. నాలుగో కాలి స్థానంలో ఇటుకలు పేర్చాం.

బొగ్గులు సందు చివర ఇస్త్రీ బండి ఆయన ఇచ్చాడు. సర్కారు తుమ్మ బొగ్గు. మంచిదే, గట్టిగా ఉంటుంది, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. అయిదారుగురికి చేపలూ రొయ్యలూ కాల్చాలంటే కిలోన్నర చాలు. ముక్క విరిస్తే టక్కున విరగాలి. బరువుగా, చల్లగా తగిలిందంటే తడి పట్టిందన్నమాట, పొగే తప్ప వేడి రాదు. అంటించడానికి కిరసనాయిలు పోస్తే చేప కూడా కిరసనాయిలు వాసనే వస్తుంది. రెండు కర్పూరం బిళ్ళలు, గుప్పెడు ఎండు కొబ్బరి పీచు ఉంటే సరిపోతుంది. బొగ్గుల్ని పరవకూడదు, పీచు మీద కుప్పగా పోయాలి. విసరడం కూడా కింద ఉండే కంత దగ్గరే విసరాలి. పైనుంచి విసిరితే లేచేది బూడిదే. విసిరే శాఖ నాది, విసనకర్ర ఆ అట్టపెట్టె మూత. పైనుంచే విసిరాను, వీడియోలో అలాగే ఉందని బావ ఆజ్ఞ కాబట్టి.

సరిగ్గా అప్పుడే గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది. మా బూడిదంతా లేచి, పడమటింటి మిద్దె మీద చీర పరిచి ఆరబెట్టిన సగ్గుబియ్యం వడియాల మీద వాలింది. వడియాలు ఎత్తుకోవడానికి వచ్చిన పెద్దమ్మ పిట్టగోడ దగ్గర ఆగి, "ఏంది నాయనా, ఇంట్లో గ్యాసు అయిపోయిందా?" అంది. ఇక అక్కడి నుంచి కదల్లేదు.

గాలి ఎక్కువైంది, గ్రిల్‌ను వంటింట్లోకి దించుదామన్నారు బావ. బొగ్గు నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు, గాలి ఆడని గదిలో మనుషుల్ని చంపేస్తుంది. ఇదంతా నేను వివరంగా చెప్పాను. ఎవరూ వినలేదు. వంటింటి గోడలకు మొన్ననే రంగు వేయించామని అక్క ఒక్క మాట అంటే గ్రిల్ మిద్దె మీదే ఉండిపోయింది, మెట్ల గది గోడ చాటుకు, నీళ్ళ ట్యాంకుకు దూరంగా.

మంట పూర్తిగా పోయి బొగ్గుల మీద బూడిద పొర కట్టాలి. దానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అప్పుడు జాలీకి జానెడు ఎత్తున అరచేయి పెట్టి అంకెలు లెక్కపెట్టాలి. నాలుగు దాకా ఓర్చుకోగలిగితే చేపకు సరైన వేడి. రెండుకే చేయి లాగేస్తే పైన కారం మాడి చేదెక్కుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. మా ఇంట్లో ఇరవై నిమిషాలు ఆగే ఓపిక అతిథులకు ఉంది, బావకు లేదు.

రొయ్యలు బ్రహ్మాండంగా వచ్చాయి. పుల్లలు అరగంట ముందే నీళ్ళలో వేశాం కాబట్టి అవీ కాలిపోలేదు. వైపుకు రెండు నిమిషాలు, రొయ్య కొంచెం వంగి రంగు తిరగ్గానే దించేయాలి, చుట్ట చుట్టుకుందంటే అది ఇక రబ్బరే. ఈ రొయ్యల గురించి ఇప్పటిదాకా ఒక్కరూ మాట్లాడలేదు. అందరూ మాట్లాడేది చందువ గురించి.

చందువలు ఒక్కోటి అరకిలోకు కాస్త తక్కువ. రెండు వైపులా ఎముక తగిలేదాకా మూడేసి గాట్లు. చేపకు స్పూను అల్లం వెల్లుల్లి, స్పూనున్నర కారం, అర స్పూను ధనియాల పొడి, పసుపు, ఉప్పు, ఒక పొదలకూరు నిమ్మకాయ. ఇంతవరకూ వంక పెట్టడానికి లేదు. కానీ నిమ్మరసం పట్టించాక పావుగంట, మహా అయితే అరగంట, అంతే. దాటితే ఆ పులుపుకు కండ పట్టు వదిలేసి పొడిపొడిగా రాలిపోతుంది. బావ మధ్యాహ్నం రెండింటికే పట్టించి పెట్టారు, "బాగా నానాలి" అని. అదీ ఫ్రిజ్ బయట. ఈ ఎండల్లో పచ్చి చేప బయట గంట దాటకూడదు. అక్క చూసి లోపల పెట్టింది కాబట్టి రాత్రి ఆస్పత్రి ఖర్చు తప్పింది.

ఇక తిప్పడం.

చేపను జాలీ మీద వేశాక నాలుగైదు నిమిషాలు దాని జోలికి పోకూడదు. మొదట అది ఇనుముకు అతుక్కునే తీరుతుంది. కింది వైపు బాగా కాలి గట్టిపడ్డాక తనంతట తనే వదులుతుంది. అట్లకాడ అంచుతో తోక దగ్గర కొంచెం లేపి చూడాలి, లేవకపోతే ఇంకో నిమిషం ఆగాలి. ఇంతే శాస్త్రం. బావ నిమిషానికే అట్లకాడ దూర్చారు. లేవలేదు. వీడియోలో అతను ఎలా తిప్పాడో మళ్ళీ చూద్దామన్నారు.

ఫోన్ తెరిస్తే ప్రకటన. సులభ వాయిదాల మీద ఇంటి రుణం ఇస్తారట. దాటేయడానికి అయిదు సెకన్లు ఆగమంది. ఆగాం. బావ నొక్కారు, వేలి నిండా మసాలా, ఫోను ఒప్పుకోలేదు. చొక్కాకు తుడుచుకుని నొక్కితే ప్రకటన దాటలేదు, రుణం దరఖాస్తు తెరుచుకుంది. పూర్తి పేరు అడుగుతోంది. అధికారి గారి అబ్బాయి జాలిపడి ఫోను తీసుకుని వెనక్కి తెచ్చేసరికి రెండో ప్రకటన మొదలైంది, ఇది వ్యాయామశాలది, దాటేసే వీలు లేనిది. ఈలోగా నూనె చుక్కలు నిప్పుల మీద పడి మంట లేచింది. మంట లేస్తే చేపను పక్కకు జరపాలి, లేదా మూత వేసి గాలి ఆపాలి. నేను అట్టపెట్టె మూతతో విసరడం ఆపాను, నా శాఖ పరిధిలో నేను చేయగలిగింది అది. బావ చెంబుడు నీళ్ళు చల్లారు. నిప్పుల మీది బూడిద మొత్తం లేచి చేప మీద పడింది, కొంత అధికారి గారి తెల్ల చొక్కా మీద కూడా.

అప్పుడు పెద్దమ్మ పిట్టగోడ మీదికి వంగి, "జాలీ ముందు కాగనిచ్చినారా అబ్బయ్యా? నూనె రుద్దినారా? చేప తడి తుడిచినారా?" అని అడిగింది. మూడూ సరైన ప్రశ్నలే. జాలీని ఖాళీగా పది నిమిషాలు కాల్చి, సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి దానికి రుద్ది, చేప ఒంటి మీది నీటిని గుడ్డతో అద్ది వేస్తే ఇంత అతుక్కోదు. ఇవన్నీ భయపడేవాళ్ళకు రెండు రెక్కల మధ్య చేపను బిగించే జాలీ దొరుకుతుంది, చేపను కాదు జాలీనే తిప్పుకోవచ్చు. మూడు ప్రశ్నలకూ బావ జవాబు ఒకటే: "వీడియోలో చెప్పలేదు పెద్దమ్మా."

ప్రకటన అయిపోయింది. మంచు కొండల అతను నవ్వుతూ చేపను ఒక్క ఊపులో తిప్పాడు. బావ కూడా అట్లకాడ అడ్డంగా పెట్టి ఒక్క ఊపు ఊపారు. పై సగం వెన్నెముకతో సహా లేచింది. కింది సగం జాలీకే ఉండిపోయింది. లేచిన సగం గాల్లో కాస్త ఆలోచించి తోకను నిప్పుల్లోకి వదిలేసింది, తల ఇటుకల మీద పడింది, ఆ దెబ్బకు మరల్లేని నాలుగో కాలి వైపు గ్రిల్ ఒరిగి రెండో చందువ నేల మీదికి జారింది. "మామిడికాయేసి పులుసు పెట్టుకోవాల్సిన చేప నాయనా" అంది పెద్దమ్మ, చాలా బాధగా, చేప వైపు చూస్తూ.

అక్క జాలీ మీద మిగిలినదాన్ని గరిటెతో గోకి ప్లేటులో పెట్టింది. అధికారి గారు మర్యాదస్తుడు. నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "గుడ్డు పొరటు బాగుందండీ" అన్నారు.

జాలీ వేడిగా ఉండగానే ఇనుప బ్రష్షుతో గీకేస్తే రెండు నిమిషాల పని. ఇప్పుడు ఎండి రాయి అయిపోయింది, రాత్రంతా సోడా ఉప్పు నీళ్ళలో నానబెడితే తప్ప రాదు. కడిగి పెట్టమని పొద్దున్నుంచి బావ ఫోన్ల మీద ఫోన్లు. విసిరినవాడిదేనట బాధ్యత. ఎత్తడం మానేశాను.