కాష్మియర్: గ్రాముల్లో పుట్టే ఉన్నికి టన్నుల్లో గిరాకీ

కాష్మియర్ అన్న పేరు కశ్మీర్ నుంచి వచ్చినా, ఆ ఉన్నికి పేరు తెచ్చిన మేకలు కశ్మీర్ లోయలో పెరిగేవి కావు. తూర్పు లద్దాఖ్ నుంచి టిబెట్‌లోకి విస్తరించిన చాంగ్‌తాంగ్ పీఠభూమిపై, 4,000 మీటర్లకు మించిన ఎత్తులో, చాంగ్‌పా సంచార పశుపోషకులు వాటిని మేపుతారు. లద్దాఖ్, టిబెట్‌ల మధ్య కుదిరిన 1684 నాటి టింగ్‌మోస్‌గాంగ్ ఒప్పందంతో అక్కడి ఉన్ని వ్యాపారం లద్దాఖ్ మీదుగా కశ్మీర్‌కు దక్కింది. బయటి ప్రపంచం చూసింది కశ్మీరీ నేతగాళ్ల శాలువాలనే కనుక, ఉన్నికీ నేసినవారి ప్రాంతం పేరే స్థిరపడింది. 1846 అమృత్‌సర్ ఒప్పందం ప్రకారం జమ్మూ పాలకుడు గులాబ్ సింగ్ బ్రిటిష్ వారికి ఏటా చెల్లించాల్సిన కప్పంలో ఒక గుర్రం, మూడు జతల కశ్మీరీ శాలువాలతో పాటు 12 శాలువా మేకలు కూడా ఉన్నాయి. అంటే ఈ మేక విలువ పాలకులకు తెలియనిది కాదు; దాన్ని మేపేవారి పేరు మాత్రం సరుకుతో పాటు ప్రయాణించలేదు.

ఈ మేకకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైనున్నది ముతక వెంట్రుక. దాని అడుగున, పగటి పొద్దు తగ్గుతున్న కొద్దీ, చలిని తట్టుకోవడానికి నూగు లాంటి మెత్తని ఉన్ని పెరుగుతుంది; వసంతంలో అదే దానంతట అది ఊడిపోతుంది. ఊడే ఆ కొద్ది వారాల్లోనే దాన్ని దువ్వెనతో దువ్వి తీయాలి. దువ్విన దానిలోంచి ముతక వెంట్రుకలను వేరుచేశాక ఒక్కో మేకకు ఏడాదికి మిగిలేది సుమారు 150 నుంచి 200 గ్రాములు మాత్రమే, కాబట్టి ఒక స్వెటర్‌కు కనీసం రెండు మూడు మేకల ఏడాది దిగుబడి కావాలి. ఈ రంగాన్ని అర్థం చేసుకోవడానికి అన్నింటికన్నా ముఖ్యమైన లెక్క ఇదే అని నా అభిప్రాయం.

మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, చాంగ్‌తాంగ్ పష్మీనా, అంటే అక్కడి మేకల సన్నని కాష్మియర్, 12 నుంచి 15 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అంత సన్నని, వంపులు తిరిగిన పోగుల మధ్య గాలి నిలవడం వల్లే బరువు లేకుండా వెచ్చదనం వస్తుంది. అయితే మన్నికకు సన్నదనం ఒక్కటే చాలదు, పోగు పొడవుగానూ ఉండాలి. పొట్టి పోగులతో వడికిన నూలు ముందు మెత్తగా అనిపించినా, కొద్ది రోజులకే ఉండలు కడుతుంది. చౌక స్వెటర్లలో తరచూ కనిపించే లోపం ఇదే.

చౌక సరుకు మరో చోట కూడా నష్టం కలిగిస్తుంది. ఒక మేక ఇచ్చే ఉన్నిని పెద్దగా పెంచలేం. ధర తగ్గించి ఎక్కువ అమ్మాలంటే మేకలనే పెంచాలి. చైనా తర్వాత అతిపెద్ద ఉత్పత్తిదారైన మంగోలియాలో జరిగింది అదే. సోషలిస్టు వ్యవస్థ పోయి మందలు ప్రైవేటు పరమయ్యాక, 1990లో 50 లక్షలకు కాస్త పైనున్న మేకలు 2018 నాటికి రెండున్నర కోట్లు దాటాయి. మేక గడ్డిని వేళ్లకంటా కొరుకుతుంది. పచ్చిక పలచబడిన చోట, వేసవి కరువు వెనుకే తీవ్రమైన చలికాలం వస్తే (దీన్ని మంగోలియన్లు జూద్ అంటారు), కొవ్వు పట్టని పశువులు లక్షల సంఖ్యలో చనిపోతాయి. నష్టపోయిన కాపరి తేరుకోవడానికి మళ్లీ మేకలనే పెంచుతాడు, ఎందుకంటే చేతికి నగదు తెచ్చేది ఆ ఉన్నే.

చట్టాలు ఉన్ని నాణ్యతలోని ఈ తేడాలను సరిగా పట్టించుకోవడం లేదు. అమెరికా చట్టం సగటున 19 మైక్రాన్ల వరకు ఉన్న ఉన్నిని కాష్మియర్‌గా అంగీకరిస్తుంది. ఆ పరిమితి లోపల అత్యుత్తమమైనదీ, అంతంతమాత్రమైనదీ ఒకే పేరుతో అమ్ముడవుతాయి. కశ్మీర్ పష్మీనాకున్న భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కేలా చేసే జీఐ ట్యాగ్) ఇంతకన్నా కఠినమైనది: పోగు 16 మైక్రాన్లు మించకూడదు, నూలు చేత్తో వడకాలి, మగ్గంపై చేత్తో నేయాలి. మరమగ్గాల వేగానికి ఈ సన్నని నూలు తెగిపోతుంది కనుక దానికి నైలాన్ కలిపి నేసి, తర్వాత ఆమ్లంతో కరిగించే పద్ధతి ఉంది. దానివల్ల పోగు బలహీనపడుతుంది, చరఖాపై వడికే కశ్మీరీ మహిళల పని కూడా పోతుంది. కాబట్టి లేబుల్‌పై కాష్మియర్ శాతం ఒక్కటే రాస్తే సరిపోదు. పోగు మందం, పొడవు, ఉన్ని వచ్చిన మేత ప్రాంతం, వడికిన పద్ధతి కూడా తప్పనిసరిగా రాయించాలి.