పెట్టె కాలిపోతే తెల్లారేసరికి ఏం పెడతారు?

టెక్కలిలోనో రాజాంలోనో రెండు వేల ఇంటర్నెట్ కనెక్షన్లు నడిపే ఆపరేటరుకు ఓపెన్ సోర్స్ రౌటింగ్ (కంపెనీ రౌటరుకు బదులు మామూలు పీసీ మీద అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేరు నడపడం) గురించి చెబితే మొదట అడిగేది లైసెన్సు డబ్బులు ఎంత మిగులుతాయనే. మిగిలేది కొంతే. దానికన్నా ముందు చూసుకోవాల్సింది, పిడుగుపాటుకు రౌటరు పోతే మర్నాడు దేంతో నడపాలన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. మన ఫైబరు వేలాడేదీ చాలాచోట్ల ఆ స్తంభాల మీదే. తెగిన ఫైబరును అతికించే మిషను ఊళ్లోనే ఉంటుంది. కంపెనీ రౌటరుకు బదులు పెట్టె కావాలంటే మాత్రం విశాఖ వైపో హైదరాబాదు వైపో చూడాలి.

లినక్స్ మీద ఎఫ్ఆర్‌రౌటింగ్ గానీ బర్డ్ గానీ, అలాంటి రౌటింగ్ సాఫ్ట్‌వేరు నడుపుతున్నప్పుడు రౌటరంటే ఒక పీసీ, రెండు ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు, సెట్టింగులన్నీ రాసిన ఒక టెక్స్ట్ ఫైలు. అచ్చం అలాంటిదే ఇంకో పీసీ బీరువాలో ఉంటే పని అయిపోయినట్టే. అయితే 'అచ్చం' అన్న మాట దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. లినక్సులో కార్డు పేరు అది కూర్చున్న స్లాటును బట్టి వస్తుంది. స్పేరులో కార్డు పక్క స్లాటులో ఉంటే పేరు మారిపోతుంది, ఫైలులోని ఒక్క అడ్రసూ దానికి అంటుకోదు. అందుకే కార్డు మోడలే కాదు, స్లాటు కూడా ఒకటే ఉండాలి. మూడు నెలలకోసారి స్పేరుమీదికి మార్చి ఒక పూట నడపాలి. నడిపి చూడనిది స్పేరు కాదు, ఇనప డబ్బా.

ఇక సాయంత్రం ఎనిమిదింటికి మొదలయ్యే రోగం. కస్టమర్లంతా పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డుతో లాగిన్ అయ్యే పద్ధతి) మీద ఉన్నారు, మిషను ప్రాసెసరులో పని పంచుకునే కోర్లు ఎనిమిది ఉన్నాయి. గ్రాఫులో సీపీయూ 12 శాతమే, అయినా నెట్ ఈడ్చుకుంటూ ఉంటుంది. ఎనిమిదిలో ఒక్క కోరు నూటికి నూరు శాతం పనిలో మునిగి, మిగతావి ఖాళీగా ఉంటే సగటు వచ్చేది ఆ పన్నెండే. మామూలు ఐపీ ప్యాకెట్లను కార్డు కోర్లన్నిటికీ పంచుతుంది. వాటిమీద పీపీపీఓఈ తొడుగు ఉంటే మాత్రం, ఐ350, 82599 లాంటి ఇంటెల్ చిప్పులు లోపలి అడ్రసు చదవలేక అన్నిటినీ ఒకే కోరు చూసే ఒకే క్యూలో పడేస్తాయి. కస్టమర్ల నుంచి పైకెళ్లేవి అక్కడ ఇరుక్కుంటాయి. డౌన్‌లోడు సాగాలంటే వెళ్లాల్సిన 'అందింది' అనే ఎక్‌నాలెడ్జిమెంట్లూ వాటిలోనే ఉంటాయి కాబట్టి డౌన్‌లోడు కూడా కుంటుతుంది. మందు లినక్సు గుండెకాయ లాంటి కెర్నెల్లోనే ఉంది. కస్టమర్ల వైపు కార్డుకు ఆర్‌పీఎస్ అనే సెట్టింగు ఆన్ చేస్తే తొడుగు లోపల చూసి పంచే పని సాఫ్ట్‌వేరు చేసుకుంటుంది. కొత్త సర్వరు కొనేముందు టాప్ అనే కమాండు తెరిచి 1 నొక్కండి, కోర్లు విడివిడిగా కనిపిస్తాయి.

రెండో రోగానికి లక్షణం వేరు. వాట్సాప్‌లో పాత కాల్ నడుస్తూనే ఉంటుంది, కొత్త పేజీ తెరుచుకోదు. అది నాట్ (చాలా ఇళ్లు ఒకే పబ్లిక్ అడ్రసును పంచుకునే ఏర్పాటు) పట్టిక నిండిపోవడం. కాన్‌ట్రాక్ అనే ఆ పట్టిక పరిమితి చాలా మిషన్లలో 2,62,144 దగ్గర ఉంటుంది. ఇంటికి రెండు వందల కనెక్షన్లు వేసుకున్నా రెండు వేల ఇళ్లకు నాలుగు లక్షలు. పైగా ముగింపు కబురు లేకుండా తెగిపోయిన టీసీపీ కనెక్షన్ను కూడా డిఫాల్టుగా 4,32,000 సెకన్లు, అంటే ఐదు రోజులు, గుర్తుపెట్టుకుంటుంది. పరిమితిని ఇరవై లక్షలకు పెంచి, ఆ గడువును 7,440 సెకన్లకు దించితే చాలు. దానికి మెమరీ ఒక జీబీ లోపే పడుతుంది.

నాట్ దగ్గరే ఇంకో లెక్క. ఒక పబ్లిక్ అడ్రసులో వాడుకోదగ్గ పోర్టులు (కనెక్షన్లను వేరుచేసే నంబర్లు) 64,512. మనిషికి 1,008 చొప్పున ముందే కట్ చేసిస్తే అరవైనలుగురికి సరిపోతాయి, రెండు వేల మందికి 32 అడ్రసులు చాలు. ఫలానా పోర్టు ఎవరిదని అడిగితే లాగిన్ రికార్డు చూసి చెప్పొచ్చు. అలాగని లాగులు, అంటే సిస్టం రాసుకునే రికార్డులు, మానేయడానికి లేదు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం వాటిని 180 రోజులు దాచాలి.

బీజీపీ (ఏ అడ్రసుకు ఎటు వెళ్లాలన్న దారులను, అంటే రూట్లను, నెట్‌వర్కులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) గురించి ఒక్క మాట. ఎఫ్ఆర్‌రౌటింగ్‌లో సెషను లేచినా రూట్లు రాకుండా, రూట్ల సంఖ్య ఉండాల్సిన చోట 'పాలసీ' అని కనిపిస్తే కంగారు పడొద్దు. ఫిల్టరు రాయనిదే రూట్లు ఇచ్చిపుచ్చుకోకూడదని 7.4 వెర్షను నుంచి పెట్టిన కట్టుబాటు అది. నెట్‌లో వెతికితే దాన్ని ఆపేసే ఒక లైను దొరుకుతుంది. ఆ లైను పెట్టేవాళ్లే ఒక అప్‌స్ట్రీమ్ (మనకు నెట్ ఇచ్చే పై కంపెనీ) రూట్లను రెండో అప్‌స్ట్రీమ్‌కు ఒలకబోసి, ఎవరి ట్రాఫిక్కో తమ చిన్న లింకు మీదికి తెచ్చుకుంటారు. మీ స్లాష్ 24 (మీ 256 అడ్రసుల కట్ట) ఒక్కటే బయటికి వెళ్లేలా ఫిల్టరు రాయడానికి పది నిమిషాలు పట్టదు.

ఇదంతా ఒక్క కుర్రాడి బుర్రలోనే ఉంటే మాత్రం ఓపెన్ సోర్స్ జోలికి పోకపోవడమే మేలు. వాడు హైదరాబాదు బస్సెక్కిన రోజు, అందరూ చూడగలిగే ఆ కోడ్ మీ ఊళ్లో ఎవరికీ కనిపించదు. కనీసం ఇద్దరికి చేతకావాలి. ఏ కార్డు ఏ అప్‌స్ట్రీమ్‌ది, వీలాన్ (ఒకే తీగ మీద వేరుచేసిన నెట్‌వర్కులు) నంబర్లేవి, బ్యాకప్ ఫైలు ఎక్కడుంది, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి అన్నది తెలుగులో ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకు లోపలివైపు అంటించాలి, కరెంటు లేనప్పుడు టార్చి వేస్తే చదవగలిగేంత పెద్ద అక్షరాలతో.