రిపోర్టులోని ‘ప్రాబబ్లీ’ గారికి

మహారాజశ్రీ ప్రాబబ్లీ గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ భాషలో చెప్పాలంటే, ప్రాబబ్లీ క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. నా రొమ్ములో గడ్డకి తీసిన స్కానింగ్ రిపోర్టు చివర్లో, ‘బినైన్’, అంటే క్యాన్సర్ కాదు అనే మంచి మాట ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు.

మన పరిచయం పోయిన శనివారం. రెండింటికి ఇస్తామన్న రిపోర్టు ఐదుంపావుకి చేతికొచ్చింది. డాక్టరమ్మ నాలుగింటికే వెళ్లిపోయారు. కవరు అక్కడే చింపి చూశాను. ‘ప్రాబబ్లీ బినైన్, బైరాడ్స్ 3’ అని ఉంది. అంటే ఏంటని కౌంటర్లో అబ్బాయిని అడిగితే, “సోమవారం మేడమ్ చెప్తారండి” అని, నా వెనక్కి చూస్తూ “నెక్స్ట్, బ్రెస్ట్ స్కాన్ ఎవరిదండీ?” అని హాలంతా వినబడేలా అరిచాడు. చుట్టాలందరికీ “గ్యాస్ ట్రబుల్‌కి స్కానింగ్” అని చెప్పి వచ్చిన మా అమ్మ, ఆ కేకకి పైట నిండా కప్పుకుని గోడవైపు తిరిగింది.

అసలు మా ఇళ్లలో మీ పేరుకి ఉన్న అర్థం మీకు తెలుసా? పెళ్లిచూపులకొచ్చి, స్వీటూ హాటూ తిని, “ఇంటికెళ్లి కబురు చేస్తాం” అంటారే, అదే మీరు. ప్లంబర్ “రేపు చూస్తానమ్మా” అనడం మీరే. మాకు ప్రాబబ్లీ అంటే కాదనే లెక్క. అలాంటి మాటని కవరులో పెట్టి, శనివారం సాయంత్రం, పక్కన అర్థం చెప్పే మనిషి లేకుండా ముప్పై ఒక్కేళ్ల ఆడదాని చేతిలో పెట్టి పంపుతారా?

రెండు రాత్రులు మీతోనే గడిపాను. రెండింటికి లేచి కూర్చుని గడ్డని వేలితో నొక్కి చూడటం, అది పక్కకి జారిపోవడం. కుంకుడుకాయంత ఉంటుంది, నున్నగా, రబ్బరులా. పట్టుకుందామంటే దొరకదు. డాక్టర్లు దీనికి ముద్దుగా ‘బ్రెస్ట్ మౌస్’ అని పేరు పెట్టారట. వినాయకుడు రాకుండా వాహనాన్ని ఒక్కదాన్నే పంపినట్టున్నాడు. ఈలోగా మా పిన్ని ఆముదం రాసి కాపడం పెట్టమంది. ఫోనులో వెతికితే పావుగంటలో నాకు వీలునామా రాసుకునేంత ధైర్యం వచ్చింది.

సోమవారం డాక్టరమ్మ మూడు వేళ్లతో నెమ్మదిగా నొక్కి చూసి, ఐదే ఐదు నిమిషాల్లో చెప్పారు. బైరాడ్స్ అంటే రొమ్ము స్కానుకి వేసే గ్రేడు, 0 నుంచి 6 దాకా ఉంటుందట. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకి మించదట. గడ్డ అంచులు నున్నగా ఉన్నాయి, నిలువు కన్నా అడ్డం ఎక్కువ, అవి రెండూ మంచి లక్షణాలేనట. మామోగ్రామ్ ఎందుకు తీయలేదంటే, ఈ వయసులో రొమ్ము దట్టంగా ఉండి ఫిల్ములో తెల్లగా పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది. పాలలో సున్నం వెతికినట్టే.

నూటికి రెండు! ఈ ముక్క శనివారమే చెప్పి ఉంటే ఆ రెండు రాత్రులూ నిద్రపోయేదాన్ని కదా?

“ఆరు నెలలాగి మళ్లీ స్కాన్ చేద్దాం. టెన్షన్‌గా ఉంటే సూది పరీక్ష చేయిద్దాం, నీ ఇష్టమమ్మా” అన్నారావిడ. ఆరు నెలలు మీతో కాపురం నా వల్ల కాదని సూదికే ఒప్పుకున్నాను. ఎఫ్ఎన్ఏసీ అంటారు, సన్న సూదితో గడ్డలోంచి కణాలు లాగి చూస్తారు. చీమ కుట్టినట్టుంటుందన్నారు. చీమ కాదు, గండుచీమ. అయినా ఓర్చుకున్నాను, మీ పీడ విరగడవుతుంది కదా అని.

ఆ రిపోర్టు ఈరోజొచ్చింది. మళ్లీ అదే బల్ల, అదే రెండు గంటలన్న మాట, మళ్లీ ఐదు. విప్పి చూస్తే ‘సజెస్టివ్ ఆఫ్ ఫైబ్రోఎడినోమా’!

సజెస్టివ్ ఎవరు? నీ తమ్ముడా? డబ్బు కట్టి, సూది పొడిపించుకుని, మధ్యాహ్నమంతా ఆఫీసుకి సెలవు పెట్టి కూర్చుంటే, నువ్వు పోయి నీ తమ్ముడిని పంపుతావా? ఇంకెంతమంది ఉన్నారు మీ ఇంట్లో? లైక్లీ నీ మేనత్తా? కన్సిస్టెంట్ విత్ మీ పెదనాన్నా? “అవును” అనేవాడు ఒక్కడూ పుట్టలేదా మీ వంశంలో?

ఈసారి డాక్టరమ్మ ఉన్నారు, అదే నయం. చెయ్యి, స్కాను, సూది, మూడూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి భయపడక్కర్లేదన్నారు. ఫైబ్రోఎడినోమా అంటే క్యాన్సర్ కాని గడ్డ, పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ల మధ్య ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేదే. బాగా పెరిగితే తప్ప కోయక్కర్లేదు, చాలావాటికి ఆ అవసరమే రాదు. గబగబా పెరిగినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా మాత్రం ఆరు నెలలు ఆగకుండా వచ్చేయమన్నారు.

“మరి ఈ ప్రాబబ్లీని కొట్టేయండి మేడమ్” అని పెన్ను ఇచ్చాను. ఆవిడ నవ్వి, “రెండేళ్లు ఇలాగే కదలకుండా ఉంటే ఆ 3 కాస్తా 2 అవుతుంది, అప్పుడు అదే పోతుందిలే” అన్నారు.

రెండేళ్లు. సరే. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, నువ్వు అబద్ధం చెప్పలేదు. నూటికి తొంభై ఎనిమిది తెలిసి కూడా నూరూ తెలుసనలేదు. నా కోపం నిన్ను కవరులో ఒంటరిగా పంపిన వాళ్ల మీద. వచ్చే స్కాన్‌కి నువ్వు వస్తే రా, కానీ పక్కన ఒక మనిషిని తీసుకుని రా.

ఇది రాస్తుంటే పక్క గదిలో అమ్మ పిన్నితో ఫోనులో మాట్లాడుతోంది. “ఏం లేదంటనే... ఆఁ, చూశారు... ప్రాబబ్లీ గ్యాసేనంట.”

ఇట్లు,
నీ పేషెంటు